ఐర్లండ్ జానపద కథల్లో తారుమారైన నాయికా నాయకులు

ప్రసిద్ధ అద్భుత కథల్లో స్త్రీకి దక్కే పాత్రను పురుషుడు, పురుషుడికి దక్కే పాత్రను స్త్రీ పోషించే కథలు ఐర్లండ్ సంప్రదాయంలో విస్తారంగా ఉన్నాయి. సిండ్రెల్లాలాగే అక్కడ రాకుమారుడు కూడా జారిపోయిన చెప్పు ద్వారా గుర్తింపు పొందుతాడు. మృగరూపం శాపంగా తగిలేది మగవాడికే కాదు, రాజు కూతురికి కూడా. బావి దగ్గర ముద్దు అడిగేది కప్ప కాదు, ముసలి స్త్రీ. ఈ కథలు మూడు చోట్ల దొరుకుతాయి: మధ్యయుగపు ఐరిష్ రాతప్రతుల్లో, 19, 20 శతాబ్దాల్లో పల్లెల్లో సేకరించిన మౌఖిక కథల్లో, 1980ల నుంచి ఐరిష్ రచయిత్రులు కావాలని తిరగరాసిన పుస్తకాల్లో.

తిరగరాయడం అనే మాట ఈ మూడింటిలో చివరిదానికే సరిగ్గా వర్తిస్తుంది. ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో సిండ్రెల్లా కథను అచ్చువేసింది 1697లో. జర్మనీలో గ్రిమ్ సోదరుల మొదటి సంపుటం వెలువడింది 1812లో. ఐర్లండ్ రాతప్రతుల్లోని కొన్ని కథలు వీటికన్నా ఎన్నో వందల ఏళ్లు పాతవి. మౌఖిక కథల విషయంలోనూ మొదట ఆడపిల్ల కథ ఉండేదని, దాన్ని ఎవరో మగపిల్లవాడి కథగా మార్చారని చెప్పడానికి ఆధారం లేదు. రెండు రూపాలూ పక్కపక్కనే బతికాయి. ఐర్లండ్ కథల ప్రత్యేకత ఇక్కడే ఉంది.

వర్గీకరణ

జానపద కథలను పోలికల ప్రకారం విడదీసి, ఒక్కో కథారూపానికి సంఖ్య ఇచ్చే పద్ధతిని ఫిన్లండ్ పండితుడు ఆంటీ ఆర్నె 1910లో మొదలుపెట్టాడు. అమెరికన్ పండితుడు స్టిత్ థాంప్సన్ దాన్ని 1928లో, మళ్లీ 1961లో విస్తరించాడు. జర్మన్ పండితుడు హాన్స్ యోర్గ్ ఊథర్ 2004లో పూర్తిగా సవరించాడు. ఈ సూచికలో సిండ్రెల్లా కథ సంఖ్య 510ఎ. సవతి తల్లి బాధలు పడే పిల్లకు జంతువు అన్నం పెట్టి ఆదుకునే కథ 511. థాంప్సన్ కాలంలో మగపిల్లవాడు నాయకుడిగా ఉన్న రూపానికి 511ఎ అని విడిగా సంఖ్య ఉండేది, దాని పేరు ‘చిన్న ఎర్ర ఎద్దు’. ఊథర్ ఆ విడి సంఖ్యను తీసేసి రెండింటినీ 511 కిందికే చేర్చాడు. నాయకుడు ఆడా మగా అన్నదాన్ని బట్టి కథ వేరైపోదన్న అభిప్రాయం ఈ మార్పుతో సూచికలోకే ఎక్కింది.

దీనికి ముందే చర్చ జరిగింది. 1893లో లండన్‌లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ సిండ్రెల్లా కథకు 345 రూపాంతరాలను ఒకచోట చేర్చి, నాయకుడు మగవాడైన కథలకు ప్రత్యేక విభాగం కేటాయించింది. 1951లో స్వీడన్ పరిశోధకురాలు అన్నా బిర్గిట్టా రూత్ సిండ్రెల్లా కథాచక్రంపై రాసిన గ్రంథంలో జంతువు ఆదుకునే కథలను, వాటిలోని మగరూపాలను సమగ్రంగా పరిశీలించింది. 1986లో టోర్‌బోర్గ్ లుండెల్ ఈ సూచికల్లోని పక్షపాతాన్ని ఎత్తిచూపింది. కథలో పనంతా స్త్రీ చేసినా శీర్షిక మాత్రం ఆమెను సహాయకురాలిగానే చూపుతోందన్నది ఆమె విమర్శ. 313వ కథారూపం ఇందుకు మంచి ఉదాహరణ. నాయకుడు పారిపోవడానికి సాయపడే అమ్మాయి అన్న అర్థంలో ఉండిన పాత పేరు ఊథర్ సూచికలో మాంత్రిక పలాయనంగా మారింది.

ఐర్లండ్‌కు సంబంధించినంతవరకు మూలాధారం షాన్ ఓ సూలవాన్, నార్వే పండితుడు రీడర్ క్రిస్టియన్‌సెన్ కలిసి 1963లో హెల్సింకీ నుంచి వెలువరించిన ఐరిష్ కథారూపాల సూచిక. అందులో నమోదైన కథనాలు దాదాపు 43,000. చిన్న దేశానికి ఇది చాలా పెద్ద సంపద. ఒకే కథను పదుల ఊళ్లలో ఎలా చెప్పారో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అందువల్లే దొరికింది.

బూడిదలో పెరిగిన కొడుకులు

డోనెగాల్ రచయిత షేమస్ మక్‌మేనస్ 1899లో ప్రచురించిన ‘ఇన్ చిమ్నీ కార్నర్స్’ అనే సంపుటంలో బిల్లీ బెగ్ కథ ఉంది. బిల్లీ రాజు కొడుకు. తల్లి బతికుండగా అతనికి ఒక ఎద్దును ఇచ్చింది. సవతి తల్లికి ఆ ఎద్దు మీద కన్ను పడింది. జబ్బు నటించి, ఎద్దును చంపితే తప్ప నయం కాదని పట్టుబట్టింది. ఎద్దు బిల్లీని వీపున ఎక్కించుకుని దేశాలు దాటిపోయింది. దాని ఎడమ చెవిలో చెయ్యి పెడితే గుడ్డ వస్తుంది, పరిస్తే కోరిన భోజనం. కుడి చెవిలో కర్ర ఉంటుంది, తిప్పితే కత్తి అవుతుంది. దారిలో వేరే ఎద్దులతో పోట్లాటలు జరిగి చివరికి ఆ ఎద్దు చనిపోతుంది. తన తోలుతో నడికట్టు చేసుకోమని, అది కట్టుకుంటే నిన్ను ఎవరూ ఓడించలేరని ముందే చెప్పి ఉంచుతుంది.

ఆ తర్వాత బిల్లీ ఒక ఆసామి దగ్గర పశువులు కాసే జీతగాడు అవుతాడు. అడవిలో రాక్షసులను చంపుతాడు, వారి కోటలోని ఖరీదైన దుస్తులు దక్కించుకుంటాడు. రాజు కూతురిని మింగడానికి వచ్చిన మహాసర్పాన్ని ఎదుర్కొని చంపి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంటే రాజకుమారి అతని చెప్పు పట్టుకుంటుంది, అది ఆమె చేతిలో ఉండిపోతుంది. ఆ చెప్పు ఎవరికి సరిపోతే వాణ్నే చేసుకుంటానంటుంది. దొరలందరికీ తొడిగి చూసినా సరిపోని చెప్పు చిరిగిన బట్టల్లో ఉన్న పశువుల కాపరికి సరిపోతుంది.

సిండ్రెల్లా కథలోని ముఖ్యాంశాలన్నీ ఇందులో ఉన్నాయి: చనిపోయిన తల్లి ఇచ్చిన ఆసరా, సవతి తల్లి కక్ష, హీనమైన చాకిరీ, అరువు దుస్తుల వైభవం, పారిపోవడం, చెప్పు. మారినది ఒక్కటే. అమ్మాయి విందుకో గుడికో వెళ్లి కనిపిస్తే చాలు, అబ్బాయి మాత్రం యుద్ధం చేసి గెలవాలి. మహాసర్పాన్ని చంపే వీరుడి కథ సూచికలో 300వది, ఐర్లండ్‌లో బాగా ప్రచారంలో ఉన్నది. మగ సిండ్రెల్లా కథ తరచు దానితో కలిసిపోయి సాగుతుంది.

బూడిదకు కూడా ఇక్కడ మగ వారసులున్నారు. వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో పుట్టి డబ్లిన్‌లో పుస్తకాల దుకాణం నడిపిన పాట్రిక్ కెన్నెడీ 1866లో ప్రచురించిన సంపుటంలో మేకతోలు కుర్రాడి కథ ఉంది. ఎనిస్కార్తీ ఊరి దగ్గర ఒక పేద విధవరాలు కొడుక్కి తొడగడానికి బట్టలేక, పొయ్యి పక్కన గుంటలో కూర్చోబెట్టి వెచ్చటి బూడిద చుట్టూ పోసేది. పెద్దయ్యాక ఆమె ఎలాగో ఒక మేకతోలు సంపాదించి నడుముకు కడితే, అతను బయటికొచ్చాడు. అంతవరకు ఒంటిమీద గుడ్డ ఎరగనివాడు చివరికి రాజు కూతురి మనసు గెలుస్తాడు. పెరో కథల్లో జంతుచర్మం కప్పుకుని తిరిగేది రాజకుమారి. ఆమె తన రూపాన్ని దాచుకోవడానికి కప్పుకుంటే, ఇతను ఒళ్లు దాచుకోవడానికి వేరే దారిలేక కట్టుకున్నాడు. ఆకలి, చలి తెలిసిన ఊళ్లలో ఈ కథ పుట్టిందన్న సంగతి ఆ ఒక్క మార్పులో కనిపిస్తుంది.

ఒకే సంపుటంలో జంట కథలు

అమెరికన్ భాషావేత్త జెరెమియా కర్టిన్ (1835–1906) 1887లో ఐర్లండ్ పశ్చిమ తీరాన తిరిగి, ఐరిష్ భాష మాట్లాడే పల్లెజనం నోట విన్న కథలను 1890లో అచ్చువేశాడు. ఆ సంపుటంలో సిండ్రెల్లా కథ రెండు రూపాల్లోనూ కనిపిస్తుంది.

మొదటిది ట్రెంబ్లింగ్ కథ. ముగ్గురు అక్కచెల్లెళ్లలో చిన్నది ట్రెంబ్లింగ్. తమకన్నా ముందు ఆమెకు పెళ్లవుతుందేమోనని అక్కలు ఇంటి గడప దాటనివ్వరు. కోళ్లు పెంచే ముసలమ్మ చీకటి దుప్పటి కప్పుకుని మంత్రంతో ఆమెకు దుస్తులు, గుర్రం సమకూర్చి ఆదివారం చర్చికి పంపుతుంది. ప్రార్థన ముగియకముందే ఆమె గుర్రమెక్కి వెళ్లిపోతుంది. మూడో ఆదివారం ఒక రాకుమారుడు గుర్రం వెంట పరుగెత్తి ఆమె పాదం పట్టుకుంటే చెప్పు చేతికి వస్తుంది.

రెండోది ఎరిన్ (ఐర్లండ్) రాజు పదమూడో కొడుకు షాన్ రువా కథ. సరస్సులో ఒక హంస తన పదమూడో పిల్లను తరిమివేయడం చూసిన రాజు కారణం అడుగుతాడు. పదమూడుగురు పిల్లలున్నవారు ఒకరిని విధికి వదిలేయాలని వృద్ధ జ్ఞాని చెబుతాడు. అలా ఇల్లు వదిలిన షాన్ పరాయి రాజు దగ్గర పశువులు కాస్తాడు, రాక్షసులను చంపుతాడు, సముద్రసర్పం నుంచి రాజకుమారిని కాపాడతాడు. గుర్రం మీద వెళ్లిపోతున్న అతని కాలి బూటు రాజకుమారి లాగేసుకుంటుంది.

గుర్రం మీద వెళ్లిపోతున్న మనిషి, కింద నిలబడి కాలు పట్టుకునే మనిషి: రెండు కథల్లోనూ దృశ్యం ఒకటే. స్వారీ చేసేది మొదటి కథలో స్త్రీ, రెండో కథలో పురుషుడు. శ్రోతలకు ఇందులో వింత ఏమీ తోచలేదు, ఎందుకంటే వారికి ఈ దృశ్యం ఆడదానిదీ కాదు, మగవాడిదీ కాదు. తన పేరు చెప్పుకోకుండా వెళ్లిపోయే యోగ్యతకు గుర్తు అది.

సహాయపాత్రలు కూడా అటూ ఇటూ మారతాయి. ట్రెంబ్లింగ్‌ను ఆదుకున్నది కోళ్లు పెంచే ముసలమ్మ. బిల్లీ కథలో అలాంటి ముసలమ్మే సవతి తల్లి పక్షం చేరి ఎద్దును చంపించే ఉపాయం చెబుతుంది. ఊరి అంచున ఒంటరిగా బతికే ముసలి స్త్రీ అమ్మాయికి తల్లిలా నిలిచి, అబ్బాయికి శత్రువైంది. నాయకుడు మారితే చుట్టూ ఉన్న స్త్రీల స్వభావం కూడా మారిపోవడం ఈ జంటకథల్లో గమనించవలసిన విషయం.

జంతురూపంలో భర్త, జంతురూపంలో భార్య

మృగరూపంలో ఉన్న భర్త కథలో యూరప్ అంతా ఎరిగిన పాఠం 1756లో ఫ్రెంచి రచయిత్రి ల ప్రాన్స్ ద బోమాఁ రాసిన బ్యూటీ అండ్ ది బీస్ట్. ఐర్లండ్‌లో ఈ కుటుంబానికి చెందిన కథలు ఎన్నో ఉన్నాయి. కెన్నెడీ సేకరించిన నార్వే గోధుమరంగు ఎలుగుబంటి కథలో, కర్టిన్ సేకరించిన ఓ హారా రాజు ముగ్గురు కూతుళ్ల కథలో భర్త పగలు జంతువు, రాత్రి మనిషి. ఓ హారా రాజు చిన్న కూతురు చీకటి దుప్పటి కప్పుకుని కోరుకున్నది తెల్ల కుక్కను. ఆ తర్వాత భర్త దూరమైతే అతన్ని వెతుక్కుంటూ దేశాలు నడిచేది ఆమె. భర్త మరోచోట మరో స్త్రీ వశంలో ఉంటాడు. భార్య తన విలువైన వస్తువులు ఒక్కొక్కటిగా ఇచ్చి అతని పక్కన గడిపే రాత్రులు కొనుక్కుంటుంది. సాహసయాత్ర స్త్రీది, కాపాడబడేది పురుషుడు.

దీనికి ఎదురుకథ కూడా కర్టిన్ సంపుటంలోనే ఉంది. తీర్ నా నోగ్ అంటే ముసలితనం లేని లోకం. ఆ లోకపు రాజుకు అల్లుడి వల్ల సింహాసనం పోతుందని జోస్యం తెలిసింది. కూతురికి పెళ్లి కాకుండా చూడటానికి మంత్రగాడిచేత ఆమెకు పంది తల తెప్పించాడు. ఐరిష్ వీరుడు ఫిన్ మక్ కూల్ కొడుకుల్లో ఒకడు పెళ్లాడితే శాపం విడిపోతుంది. ఆమె ఐర్లండ్ వచ్చి, వేటాడిన జంతువులను మోయలేక అలసిన ఫిన్ కొడుకు ఓషిన్‌కు బరువు మోసిపెట్టింది. తన సంగతి తానే చెప్పి పెళ్లి అడిగింది. ఓషిన్ సరే అనగానే పంది తల పోయి అసలు రూపం వచ్చింది. ఓషిన్ ఆ లోకానికి రాజు అయ్యాడు.

రెండు కథలను కలిపి చదివితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. భర్త జంతువైతే భార్యకు ఏళ్ల తరబడి నడక, కన్నీళ్లు, ఓర్పు. భార్య జంతువైతే భర్తకు ఒక్క అంగీకారం చాలు, రాజ్యం బహుమానంగా వస్తుంది. పాత్రలు తారుమారైనా కష్టం మాత్రం స్త్రీ భుజాల మీదే మిగిలింది. అయితే పంది తల రాజకుమారి అబల కాదు. తన విముక్తికి దారి తానే వెతుక్కుంది, బరువు మోసింది, పెళ్లి మాట తానే ఎత్తింది.

బావి దగ్గర ముద్దు

గ్రిమ్ సంపుటంలో మొదటి కథ కప్ప రాకుమారుడిది. బావిలో పడ్డ బంగారు బంతిని తీసిచ్చిన కప్ప బదులుగా రాజకుమారి చెలిమిని కోరుతుంది. ఐర్లండ్‌లో దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఓహిడ్ ముయ్‌మెడోన్ కొడుకుల సాహసం అనే మధ్యయుగపు కథ. దీన్ని పద్యంగా రాసినవాడిగా చెప్పే కవి కూన్ ఓ లోహాన్ 1024లో మరణించాడు కాబట్టి కథ అంతకన్నా పాతదే. ఐదుగురు సోదరులు వేటకెళ్లి దాహంతో నీళ్లు వెతుకుతారు. బావికి కాపలాగా వికార రూపంతో ఒక ముసలిది ఉంటుంది. ముద్దు పెడితేనే నీళ్లు. పెద్దవాళ్లు నిరాకరిస్తారు, ఒకడు పెదవులు తాకించీ తాకించకుండా వెనక్కి తగ్గుతాడు. దాసీ కొడుకుగా చులకనకు గురైన నియల్ మాత్రం మనస్ఫూర్తిగా కౌగిలించుకుంటాడు. ఆమె లోకంలో అంతటి అందగత్తె లేదన్నట్టుగా మారిపోయి, తానే ఐర్లండ్ రాజ్యాధికారాన్నని చెబుతుంది. ఐర్లండ్ రాజుల తారా సింహాసనం నియల్‌దీ అతని వంశానిదీ అవుతుంది.

ఈ కథ వినోదానికి చెప్పింది కాదు. నియల్ సంతతిగా చెప్పుకున్న వంశాలు ఐర్లండ్‌లో శతాబ్దాలపాటు రాజ్యాలేలాయి. రాజ్యం స్త్రీరూపంలో ఉంటుందని, రాజు ఆమెను పెళ్లాడినవాడని పాత ఐరిష్ విశ్వాసం. అందుకే రూపం మారే పాత్ర ఇక్కడ స్త్రీ అయింది. కప్ప కథలో అమ్మాయి మాట నిలబెట్టుకోవడం నేర్చుకుంటుంది. నియల్ కథలో యువకుడు రాజ్యం పైకి కనిపించే కష్టాన్ని కూడా స్వీకరించాలని నేర్చుకుంటాడు. ఇదే అంశం 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన బాత్ నగరపు భార్య కథలోనూ కనిపిస్తుంది.

మంచు, నెత్తురు, బొంతకాకి

స్నో వైట్ తల్లి మంచు మీద పడ్డ నెత్తుటి చుక్కలు చూసి, మంచంత తెల్లటి ఒళ్లు, నెత్తురంత ఎర్రటి చెక్కిళ్లు, నల్లటి జుట్టు ఉన్న కూతురు కావాలని కోరుకుంటుంది. ఇవే మూడు రంగులు 8, 9 శతాబ్దాల నాటిదిగా పండితులు భావించే డేర్‌డ్రె విషాదగాథలో మగవాడి అందానికి కొలతగా వస్తాయి. ఈ గాథ 12వ శతాబ్దపు లెయిన్‌స్టర్ గ్రంథం అనే రాతప్రతిలో ఉంది.

అల్స్టర్ రాజు కొనహర్ తనకోసమే అట్టేపెట్టుకుని ఒంటరిగా పెంచిన అమ్మాయి డేర్‌డ్రె. చలికాలంలో మంచు మీద దూడను కోస్తే, ఒక బొంతకాకి వాలి ఆ నెత్తురు తాగుతుంది. అది చూసి ఆమె, కాకి రంగు జుట్టు, నెత్తురు రంగు చెక్కిళ్లు, మంచు రంగు ఒళ్లు ఉన్నవాణ్ని ప్రేమించగలనని చెబుతుంది. అటువంటివాడు నీషె అని తెలుసుకుని, తానే ఎదురువెళ్లి రెండు చెవులూ పట్టుకుని తనను తీసుకుపొమ్మని నిలదీస్తుంది. అందంగా కనిపించడం పురుషుడి వంతు, చూసి కోరుకోవడం స్త్రీ వంతు. ఆ కోరికకు వెల కూడా ఉంది. ప్రవాసం, నమ్మకద్రోహం, నీషె హత్య, చివరికి డేర్‌డ్రె మరణం.

మౌఖిక కథల్లో ఈ రంగులు మళ్లీ స్త్రీ వైపు తిరిగాయి. తర్వాతి కాలంలో ఐర్లండ్ తొలి అధ్యక్షుడైన డగ్లస్ హైడ్ 1890లో ‘బిసైడ్ ది ఫైర్’ సంపుటంలో ప్రచురించిన ఐర్లండ్ రాజు కొడుకు కథలో, రాకుమారుడు మంచులో బొంతకాకిని కొట్టి, ఆ మూడు రంగులున్న అమ్మాయిని తప్ప పెళ్లాడనని బయలుదేరుతాడు. వెయ్యేళ్లు ఒకే దేశంలో ఒకే రంగులు ఇరువైపులా తిరిగాయి.

హంసలుగా మారేవారు

హంస కన్య స్నానానికి దిగితే పురుషుడు ఆమె ఈకల దుస్తు దాచేసి పెళ్లాడటం ప్రపంచమంతా ఉన్న కథ. ఐర్లండ్ తీరాల్లో ఇది సముద్రకన్య కథగా వినిపిస్తుంది. జాలరి ఆమె టోపీనో చర్మాన్నో ఇంట్లో దాస్తాడు. పిల్లలు పుట్టాక ఎప్పుడో అది కంటపడితే ఆమె సముద్రంలోకి తిరిగి వెళ్లిపోతుంది. స్వీడన్‌లో పుట్టి డబ్లిన్‌లో పనిచేసిన బో ఆల్మ్‌క్విస్ట్ ఈ గాథల ఐరిష్ రూపాలను 1990లో వివరంగా పరిశీలించాడు.

8వ శతాబ్దపు ఎంగస్ కల అనే కథ దీనికి పూర్తిగా భిన్నంగా నడుస్తుంది. దేవకుమారుడు ఎంగస్ కలలో కనిపించిన అమ్మాయి కోసం మంచం పట్టాడు. ఆమె పేరు కేర్. ఒక ఏడాది మనిషిగా, ఒక ఏడాది హంసగా బతుకుతుంది. ఆమె తండ్రి కూడా ఆమెను బలవంతంగా ఇవ్వలేనంటాడు, ఆమె శక్తి తన శక్తికన్నా ఎక్కువ కాబట్టి. సావిన్ పండుగనాడు ఎంగస్ సరస్సు ఒడ్డున నిలిచి, 150 హంసల మధ్య ఉన్న కేర్‌ను పిలుస్తాడు. తిరిగి నీళ్లలోకి రానిస్తానని మాట ఇచ్చాకే ఆమె దగ్గరికి వస్తుంది. అతను తానూ హంసగా మారతాడు. ఇద్దరూ సరస్సును మూడుసార్లు చుట్టి బోయిన్ నది ఒడ్డున ఎంగస్ నివాసానికి ఎగిరిపోతారు. ఇక్కడ దొంగతనం లేదు, దాచడం లేదు. ప్రేమించిన పురుషుడు స్త్రీ రూపంలోకి, ఆమె లోకంలోకి, ఆమె షరతు మీద వెళ్లాడు. ఐరిష్ సాహిత్యంలో స్త్రీ పురుషుల మధ్య ఇంత సమానంగా కుదిరిన కలయిక అరుదు.

తెలివి ఒకరిది, పేరు ఒకరిది

పైకి రాకుమారుడి కథలా ఉండి, లోపల అమ్మాయి నడిపించే కథలు ఐర్లండ్‌లో చాలా ఎక్కువ. కర్టిన్ సేకరించిన లెయిన్ సరస్సు రాక్షసుడి కథ వీటిలో ప్రసిద్ధం. పందెంలో ఓడి రాక్షసుడికి చిక్కిన రాకుమారుడికి అసాధ్యమైన పనులు అప్పగిస్తారు. అన్నీ చేసిపెట్టేది రాక్షసుడి కూతురు యెల్లో లిలీ. నున్నటి చెట్టు కొన మీది గూటిలోంచి గుడ్డు తెమ్మన్నప్పుడు, తనను చంపి తన ఎముకలను మెట్లుగా గుచ్చి ఎక్కమంటుంది. దిగేటప్పుడు అన్నీ ఏరుకుని కూర్చితే మళ్లీ బతుకుతానంటుంది. అతను కాలి చిటికెన వేలి ఎముక ఒక్కటి మరిచిపోతాడు. ఆమె ఆ వేలు లేకుండానే లేచి, అతన్ని తండ్రి బారి నుంచి తప్పిస్తుంది. ఇల్లు చేరాక అతను ఆమెనే మరిచిపోతాడు. పెళ్లిపందిట్లో మాట్లాడే పక్షులచేత గతం గుర్తు చేయించాల్సి వస్తుంది.

సాహసవంతుడైన వీరుడు చేయవలసినవన్నీ ఇందులో ఆమే చేసింది. కథ మాత్రం రాజు కొడుకు పేరుతోనే సాగింది. సూచికల్లో లుండెల్ ఎత్తిచూపిన అన్యాయం కథ లోపలే ఉందని శ్రద్ధగా చదివేవారికి తెలుస్తుంది. కథ చెప్పినవారు దాన్ని దాచలేదు కూడా. నాయకుడి మతిమరుపును, ఆమె పోగొట్టుకున్న వేలిని పూసగుచ్చినట్టు చెప్పారు.

చెప్పినవారు, రాసుకున్నవారు

ఈ కథలు ఎవరి నోట వచ్చాయన్నది అర్థానికి కీలకం. 1935లో ఏర్పడిన ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్‌కు నేతృత్వం వహించిన షేమస్ ఓ డూలర్గ తన 1945 నాటి ప్రసిద్ధ ఉపన్యాసంలో, దీర్ఘమైన వీరగాథలు, ఫిన్ కథలు చెప్పడం మగవారి హక్కుగా పల్లెల్లో భావించేవారని నమోదు చేశాడు. ఆడవారు వాటిని చెబితే పెద్దలు హర్షించేవారు కాదు, అయినా చెప్పిన స్త్రీలున్నారు. గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో జీవితంలో ఎక్కువ భాగం గడిపిన పెగ్ సేయర్స్ (1873–1958) ఐర్లండ్ చూసిన గొప్ప కథకుల్లో ఒకరు. ఆమె చెప్పిన వందల కథలు కమిషన్ సేకర్త షోసవ్ ఓ డాలీ రాసిపెట్టాడు.

1937 నుంచి 1939 వరకు కమిషన్ మరో మహాకార్యం తలపెట్టింది. 26 కౌంటీల్లోని దాదాపు 5,000 ప్రాథమిక పాఠశాలల్లో చదివే సుమారు 50,000 మంది పిల్లలు తమ ఇంటి పెద్దల దగ్గర విన్నవి నోటుపుస్తకాల్లో రాసుకొచ్చారు. అమ్మమ్మలు, తాతలు పొయ్యి దగ్గర చెప్పిన రూపాలు వాటిలో నిలిచాయి. ఈ భాండాగారమంతా ఇప్పుడు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉంది, 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. పిల్లల నోటుపుస్తకాలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి.

అచ్చయినవన్నీ జనం నోటి కథలు కావని హెచ్చరించే ఉదాహరణ కూడా ఒకటుంది. క్రాఫ్టన్ క్రోకర్ ఐరిష్ గాథల రెండో సంపుటంలో (1828) మునిగిపోయిన నావికుల ఆత్మలను బుట్టల్లో దాచే మగ జలచరుడి కథ వచ్చింది. సముద్రకన్యకు బదులు సముద్రపురుషుడు, ప్రేమకు బదులు ఇద్దరు మగవాళ్ల తాగుడు స్నేహం. ఆ కథను గ్రిమ్ సోదరులు సేకరించిన ఒక జర్మన్ ఐతిహ్యం ఆధారంగా తానే అల్లానని దాన్ని రాసిచ్చిన థామస్ కీట్లీ తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికే అది ఐరిష్ సంపదగా లోకమంతా పాకింది.

ఆధునిక రచనలు

స్త్రీవాద ఉద్యమం ఐర్లండ్‌లో ఊపందుకున్న రోజుల్లో, 1984లో డబ్లిన్‌లో ఆటిక్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ వెలిసింది. 1985లో వెలువరించిన ‘రాపుంజెల్స్ రివెంజ్’తో స్త్రీవాదులకు అద్భుత కథలు అనే వరుస మొదలైంది. 1989లో ‘స్వీపింగ్ బ్యూటీస్’, 1992లో ‘రైడ్ ఆన్ రాపుంజెల్’ వచ్చాయి. విడాకులకు అప్పటికి రాజ్యాంగమే అడ్డుగా ఉన్న దేశంలో, పెళ్లితో కథ సుఖాంతమయ్యే పద్ధతిని ప్రశ్నించడం ఈ పుస్తకాలకు సాహిత్యప్రయోగం మాత్రమే కాదు, బతుకు సమస్య.

1997లో రెండు ముఖ్యమైన పుస్తకాలు వచ్చాయి. డబ్లిన్‌లో పుట్టిన ఎమా డొనహ్యూ ‘కిస్సింగ్ ది విచ్’లో 13 పాత కథలను గొలుసుగా అల్లింది. ఒక కథలోని స్త్రీ మరో స్త్రీని నీ కథేమిటని అడుగుతుంది, ఆ జవాబే తర్వాతి కథ. అందులో సిండ్రెల్లా రాకుమారుణ్ని కాదని, తనను ఆదుకున్న స్త్రీతో వెళ్లిపోతుంది. జానపద శాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఐలీష్ నీ గివ్నె ‘ది ఇన్‌లాండ్ ఐస్’ కథాసంపుటిలో, తప్పిపోయిన భర్తను వెతుక్కునే భార్య కథను ముక్కలుగా విడదీసి తన ఆధునిక కథల మధ్య కూర్చింది. చివరికి భర్త దొరికాక అతనితో ఉండనని తేల్చిచెబుతుంది ఆ నాయిక. ఓ హారా రాజు కూతురి కాళ్లు అరిగిన నడకకు వందేళ్ల తర్వాత దొరికిన జవాబు ఇది.

తర్వాతి తరంలో డేర్‌డ్రె సలివన్ ‘టాంగిల్‌వీడ్ అండ్ బ్రైన్’ (2017) లో 13 కథలను చీకటి స్వరంతో తిరిగి చెప్పింది. ‘సావేజ్ హర్ రిప్లై’ (2020) లో లిర్ పిల్లలను హంసలుగా శపించిన సవతి తల్లి ఈఫా గొంతుతో ఆ గాథను వినిపించింది. లూయిస్ ఓ నీల్ ‘ది సర్ఫేస్ బ్రేక్స్’ (2018) అండర్సన్ జలకన్యను ఐర్లండ్ తీరానికి తెచ్చి, గొంతు పోగొట్టుకోవడమంటే ఏమిటో సూటిగా అడిగింది. మగ సిండ్రెల్లాను పిల్లలకు చేరువ చేసిన పుస్తకం అమెరికన్ రచయిత్రి షర్లీ క్లైమో 1996లో రాసిన ‘ది ఐరిష్ సిండర్‌లాడ్’.

2020లో లండన్ నుంచి కారీ ఫ్రాన్స్‌మన్, జొనథన్ ప్లాకెట్ వెలువరించిన పుస్తకం వేరే పద్ధతి ఎంచుకుంది. ఆండ్రూ లాంగ్ సంపుటాల్లోని కథలను కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఇచ్చి ఆడ, మగ పదాలు మాత్రమే తారుమారు చేయించారు. కథలో మరేదీ కదలదు. ఐరిష్ పల్లెకథకులు చేసినదానికి ఇది పూర్తి వ్యతిరేకం. వారి చేతిలో నాయకుడు మారితే సహాయకులు, పరీక్షలు, బహుమానం అన్నీ కదిలాయి.

అంచనా

ఐరిష్ జంటకథలు ఒక సాధారణ నమ్మకాన్ని సరిదిద్దుతాయి. అద్భుత కథల్లో స్త్రీ నిద్రపోయేదిగా, పురుషుడు మేల్కొలిపేవాడిగా ఎప్పటినుంచో స్థిరపడి ఉన్నారని, ఆధునికులు వచ్చి దాన్ని తిరగేశారని చాలామంది అనుకుంటారు. ఆ స్థిరత్వం చాలావరకు అచ్చుపుస్తకాలు ఎంచుకున్న కొద్ది కథల వల్ల ఏర్పడింది. నోటి సంప్రదాయంలో చెప్పు, బూడిద, మూడు రంగులు, జంతురూపం, ఈకల దుస్తు ఎవరికైనా దక్కేవి.

అయితే ఈ కథలను సమానత్వపు స్వర్ణయుగంగా చూడటం కూడా తప్పే. పాత్ర మారినప్పుడల్లా సమాజం స్త్రీనుంచి ఏం కోరిందో, పురుషుడినుంచి ఏం కోరిందో బయటపడింది. బిల్లీ యోగ్యత కత్తితో రుజువు కావాలి, ట్రెంబ్లింగ్ యోగ్యత చర్చి వాకిట కనిపిస్తే చాలు. నియల్‌కు ఒక్క ముద్దుతో రాజ్యం వచ్చింది, ఓ హారా కూతురికి నడిచి నడిచి భర్త మాత్రమే దక్కాడు. ఆటిక్ ప్రెస్ రచయిత్రులు, డొనహ్యూ, నీ గివ్నె, సలివన్ ఎక్కుపెట్టింది ఈ వెలల మీదే. వారికి కావలసిన సాధనాలు మాత్రం బయటినుంచి తెచ్చుకోలేదు. చెవులు పట్టుకుని నిలదీసిన డేర్‌డ్రె, షరతు పెట్టిన కేర్, ఎముకలు మెట్లుగా ఇచ్చిన యెల్లో లిలీ వారి భాషలో, వారి దేశంలో అప్పటికే ఉన్నారు. అందుకే ఈ కథలను చదవవలసిన పద్ధతి ఒక్కటే: ట్రెంబ్లింగ్‌ను షాన్ రువా పక్కన, ఓషిన్ భార్యను తెల్ల కుక్క భార్య పక్కన పెట్టి, రెండింటినీ కలిపి చదవడం. ఒకదాన్ని వదిలేస్తే ఐర్లండ్ తన స్త్రీ పురుషుల గురించి చెప్పుకున్న మాటలో సగమే మనకు వినిపిస్తుంది.